న్యాయవాది లేకుండా, చాట్‌జీపీటీ సాయంతో

ప్రశ్న: అద్దె బకాయి పేరిట మా ఇంటి యజమాని తిరుపతి సివిల్ కోర్టులో నాపై దావా వేశారు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదు. చాట్‌జీపీటీతో జవాబు రాయించుకుని నేనే వాదించుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ కేసును మీరే వాదించుకోవచ్చు. దావా కాగితాలను తేలిక తెలుగులో అర్థం చేసుకోవడానికి, తేదీల వరుస రాసుకోవడానికి ఆ సాధనం పనికివస్తుంది గాని, అది చూపే తీర్పులు అసలు ఉన్నాయో లేదో వెతికి చూసుకోకుండా జవాబులో చేర్చకండి. 2023లో న్యూయార్క్‌లో, అది కల్పించిన తీర్పులను ఉదహరించినందుకు న్యాయవాదులకే 5,000 డాలర్ల జరిమానా పడింది. అంతకన్నా ముఖ్యం, సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయడం. అన్నట్టు, 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కనుక, ముందు న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి.