సహజమే కదా, మరి మెడ ఎందుకు నల్లబడింది?

ప్రశ్న: మాది కావలి. వయసు 36. టీచర్‌ని, రోజూ స్కూటీ మీద స్కూలుకు వెళ్తాను. సబ్బుల్లో కెమికల్స్ ఉంటాయని ఏడాదిగా మానేశాను. ఆన్‌లైన్‌లో ‘వంద శాతం సహజం’ అని అమ్మే సున్నిపిండితో స్నానం చేస్తున్నాను. రాత్రిళ్లు ఒంగోలు ఎగ్జిబిషన్‌లో కొన్న ఆర్గానిక్ కలబంద క్రీము రాసుకుంటాను. డబ్బా మీద ‘పారాబెన్ లేదు, ప్రిజర్వేటివ్ లేదు’ అని ఉంది. రెండు నెలలుగా మెడ, ముంజేతులు మంటపుట్టి నల్లమచ్చలు కడుతున్నాయి. సహజమైన వాటికీ ఇలా అవుతుందా? మళ్లీ పాత సబ్బే వాడాలా? నాలుగేళ్ల మా పాపకూ అదే సున్నిపిండి రుద్దుతున్నాను. ప్యాకెట్ల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: అవుతుందమ్మా. చర్మాన్ని కళ్లారా చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీ ఫొటోల్లోనే సగం సమాధానం ఉంది.

సున్నిపిండి ప్యాకెట్ వెనక పెసలు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, బావంచాలు అని రాసి ఉంది. నా అనుమానం ఆ చివరి పేరు మీదే. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటికి అంటి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది, ఆ తర్వాత నల్లగా మచ్చ తేలుతుంది. బొల్లి వైద్యంలో మేం ఈ గుణాన్నే వాడుకుంటాం. కాకపోతే మందుకీ ఒక కొలత ఉంటుంది, కిరణాలు పట్టించడానికీ ఒక లెక్క ఉంటుంది. మీరు పొద్దున్నే రుద్దుకుని, పైపైన కడిగేసుకుని, కావలి ఎండలో బండెక్కుతున్నారు. ఫొటోలో ఇంకొకటి చూశాను. జాకెట్టు చెయ్యి ఎక్కడ ఆగిందో మచ్చ సరిగ్గా అక్కడి నుంచే మొదలైంది. బట్ట కప్పినచోట చర్మం శుభ్రంగా ఉంది. ఎండకూ ఈ మచ్చలకూ సంబంధం ఉందనడానికి అంతకంటే మంచి ఆధారం నాకు దొరకదు.

నిమ్మతొక్కలోనూ ఇదే జాతి పదార్థాలు ఉంటాయి. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ ఉన్న జిల్లా మనది, ఇంట్లో నిమ్మచెక్కకు కొదవుండదు. దాంతో మొహం, మెడ రుద్దుకునే అలవాటు ఉంటే అదీ మానండి. బావంచాలను నేను విషమనడం లేదు. నీడపట్టున ఉండే రోజు, వారానికో పక్షానికో తలంటు పోసుకుంటూ రుద్దుకోవడం వేరు, రోజూ రుద్దుకుని ఎండన పడి తిరగడం వేరు.

ఇక క్రీము. కలబంద గుజ్జులో దాదాపు అంతా నీళ్లే. నీళ్లున్నచోట సూక్ష్మజీవులు చేరతాయి, మన ఎండలకు మరీ తొందరగా. అలాంటి క్రీము నెలల తరబడి అల్మారాలో చెడకుండా ఉందంటే, అందులో ఏదో ఒక ప్రిజర్వేటివ్ వేరే పేరుతో ఉండి ఉండాలి. నిజంగానే లేదంటే, రోజూ మీరు వేలు పెట్టి తీసుకునే ఆ డబ్బాలో సూక్ష్మజీవులు పెరుగుతూ ఉండొచ్చు. నీళ్లు కలవని పొడులకు, నూనెలకు, మైనాలకు ‘ప్రిజర్వేటివ్ లేదు’ అన్న మాట నప్పుతుంది. జెల్‌కు, క్రీముకు ఆ మాట రాస్తే నాకు ధైర్యం కలగదు, అనుమానం వస్తుంది.

పారాబెన్లు కూడా ఒక రకం ప్రిజర్వేటివ్‌లే. వాటి మీద భయం ఎలా పుట్టిందో కూడా చెబుతాను. ప్రయోగశాలలో వాటికి ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలిన బలహీనమైన గుణం కనిపించింది. ఒంటికి రాసుకునే మోతాదులో మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువు కాలేదు. 2014లో యూరప్ ఐదు రకాల పారాబెన్లను నిషేధించింది, మిథైల్, ఇథైల్ లాంటివాటిని పరిమితితో ఉంచింది. చర్మ అలర్జీ విషయంలో ఇవి ఎంత నెమ్మదస్తులంటే, స్పర్శ అలర్జీల మీద పనిచేసే అమెరికా వైద్యుల సంఘం 2019లో వీటిని ‘ఈ ఏటి అలర్జీ కాని పదార్థం’గా ప్రకటించింది. పారాబెన్లు తీసేసిన చాలా కంపెనీలు వాటి బదులు మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్ వేసుకున్నాయి. అదే సంఘం 2013లో ఆ పదార్థాన్ని ‘ఈ ఏటి అలర్జీ కారకం’ అంది! పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది.

మీ క్రీములో లావెండర్, నిమ్మగడ్డి నూనెలు కూడా ఉన్నాయి. సుగంధ తైలాల్లోని లినలూల్, లిమోనీన్ గాలి తగిలేకొద్దీ మారిపోయి అలర్జీ పుట్టిస్తాయి. మూత తీసి చాలాకాలమైన డబ్బాతో ఆ బెడద ఎక్కువ.

సహజం, హెర్బల్, కెమికల్ ఫ్రీ అన్న మాటలకు మన 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్‌లో నిర్వచనం లేదు. ఆర్గానిక్ అన్నది పంట ఎలా పండించారో చెబుతుంది, అంతే. రసాయన ఎరువుల్లేకుండా పండించిన బావంచాల్లోనూ సోరలెన్ ఉంటుంది. అందుకే డబ్బా ముందువైపు వదిలేసి వెనకవైపు చదవండి. దినుసులను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది నియమం. ఒక శాతం, అంతకు తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. మీ కలబంద క్రీములో కలబంద సారం పరిమళం తర్వాత, ఆఖరున ఉంది. అంటే పేరుకు మాత్రమే కలిపారన్నమాట. లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఫొటోలో నాకు కనిపించలేదు, మీరే ఒకసారి వెతకండి.

సబ్బు సంగతి. ఇంట్లో చేసినా, కంపెనీ చేసినా, నూనెలో కాస్టిక్ సోడా కలపనిదే సబ్బు కాదు. ‘ఏ కెమికల్ లేని హ్యాండ్‌మేడ్ సబ్బు’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మామూలు సబ్బు పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. అందుకే మచ్చలు తగ్గేదాకా వాసన లేని సిండెట్ బార్, అంటే సబ్బులా ఉన్నా సబ్బు కాని, చర్మం పీహెచ్‌కు దగ్గరగా ఉండే బిళ్ల, వాడమంటాను. ఖరీదు ఎక్కువే. చంకలు, గజ్జలు, పాదాలకు మాత్రం దాన్ని వాడి, మిగతా ఒంటికి నీళ్లు పోసుకుంటే చాలాకాలం వస్తుంది.

ఇప్పటికి సున్నిపిండి, క్రీము రెండూ ఆపేయండి, ప్యాకెట్లు పారేయకండి. పొడి చర్మానికి వాసన లేని పెట్రోలియం జెల్లీ రాయండి. ముడిచమురు నుంచి వచ్చే ఆ పదార్థానికి అలర్జీ రావడం చాలా అరుదు. బండి మీద నిండు చేతుల బట్టలు, మెడకు చున్నీ, పైన జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఉండాలి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ట్యూబు తెచ్చుకోవద్దు. నలుపు పోవడానికి తెలుపు క్రీములు అసలే వద్దు, కొన్నింట్లో పాదరసం కలుపుతున్నారు. నలుపు తగ్గడానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి.

మంట రెండు వారాల్లో తగ్గకపోతే ఆ ప్యాకెట్లతో సహా నెల్లూరు లేదా ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లి, ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి రెండు రోజుల తర్వాత ఒకసారి, నాలుగో రోజు ఇంకోసారి చూస్తారు. బొబ్బలు, చీము, జ్వరం కనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

పాపకు ఆ ప్యాకెట్ ఇవాళే ఆపండి. సున్నిపిండే కావాలనుకుంటే ఉత్త పెసలు ఎండబెట్టి మెత్తగా పట్టించుకోండి, బావంచాలు వేయొద్దు. రుద్దకుండా నీళ్లతో జారుగా కలిపి పూసి, మడతల్లో మిగలకుండా కడిగేయండి.