రైలు లైనుకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, ముప్పై రోజుల గడువే ఉంటుంది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో విజయవాడ వెళ్ళే రైలు కట్టను ఆనుకుని ఉన్న ఊరు. నేను విజయవాడలో ఉద్యోగం చేస్తూ పదకొండేళ్ళుగా సీజన్ టికెట్టు మీద రోజూ రైల్లోనే వెళ్ళొస్తున్నాను. ఇప్పుడున్న లైన్ల పక్కన ఇంకో లైను వేస్తున్నారు. నాన్నగారి పేరున ఉన్న 80 సెంట్లలో 22 సెంట్లు అందులో పోతోంది. ఆయన కాలం చేసి ఏడాదయింది. ఆయన స్వయంగా నాటి పెంచిన కొబ్బరిచెట్లు ఆ ముక్కలోనే ఉన్నాయి. అమ్మ అన్నం కూడా సరిగా తినడం లేదు. సంక్రాంతికి ముందు పత్రికలో ప్రకటన చూశాం. ఇంత పెద్ద పనికి కలెక్టరుగారు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టకుండా ఉండరు, ఊరంతా అప్పుడే వెళ్ళి చెబుదామని ఆగాం. పాస్‌పుస్తకం నాన్నగారి పేరునే ఉంది కాబట్టి నేను అభ్యంతరం ఇచ్చినా చెల్లదనుకున్నాను. ఉగాది తర్వాత భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోయినట్టు మరో గెజిట్ వచ్చింది. సోమవారం అర్జీలు ఇచ్చాం, లాభం లేదు. అసలే వానాకాలంలో కట్టకు ఇవతల మా వీధిలో నీళ్ళు నిలిచిపోతాయి. పర్యావరణ అనుమతి, పబ్లిక్ హియరింగ్ లేకుండా చేసే ఈ పనిని గ్రీన్ ట్రిబ్యునల్‌లో ఆపించవచ్చా? గ్రామసభ తీర్మానం పాత తేదీతో రాయించి, అభ్యంతరం గడువులోనే ఇచ్చినట్టు చూపిస్తే సరిపోతుందని ఒక పెద్దమనిషి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. కేసును తేల్చే విషయం మాత్రం ఒక్కటే. రైలు మార్గం వేయడానికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని మన పర్యావరణ నిబంధనల్లో లేదు. లేనిదాని కోసం ఎదురుచూస్తూ, చట్టం నిజంగా ఇచ్చిన అవకాశాన్ని చేజార్చుకున్నారు.

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ముందస్తు పర్యావరణ అనుమతి ఏయే పనులకు కావాలో దాని షెడ్యూలులో వరసగా రాసి ఉంటుంది. గనులు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు, విమానాశ్రయాలు, ఓడరేవులు, రహదారులు, చివరికి రోప్‌వేలు కూడా అందులో ఉన్నాయి. రైలు మార్గం లేదు. కొత్త లైనైనా, డబ్లింగైనా, మూడో లైనైనా అంతే. షెడ్యూలులో ఉన్న పనులకే కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన పబ్లిక్ హియరింగ్ పెడుతుంది. పక్క మండలంలో హైవేకు పెట్టారు, మాకెందుకు పెట్టలేదని చాలామంది అడుగుతుంటారు. హైవే జాబితాలో ఉంది, మీ లైను లేదు. ఇలా ఉండకూడదని, ఊళ్ళ మధ్య నుంచి కట్ట పోసే పనికి ఊరి మాట వినే ఏర్పాటు ఉండాలని నేనూ గట్టిగా నమ్ముతాను. కానీ నా నమ్మకం మీద కోర్టు స్టే ఇవ్వదు. ప్రపంచబ్యాంకులాంటి సంస్థల అప్పుతో జరిగే పనుల్లో సంప్రదింపులు జరుగుతాయి. అవి ఆ అప్పు షరతులు, వాటిని చూపించి ఇక్కడ హక్కు అడగలేరు.

మీ మాట వినే ఏర్పాటు రైల్వే చట్టం 1989లోనే ఉంది. 2008 సవరణతో వచ్చిన 4ఏ అధ్యాయంలో చూడండి. ప్రత్యేక రైల్వే ప్రాజెక్టుకు, అంటే కేంద్రం అలా ప్రకటించిన పనికి, భూమి కావాలంటే 20ఏ సెక్షన్ కింద గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తారు. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, వేయించాలి. ఆ భూమిలో ఆసక్తి ఉన్నవారెవరైనా 20డి సెక్షన్ కింద 30 రోజుల్లోపు లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. మీరు స్వయంగా చెప్పినా, న్యాయవాది ద్వారా చెప్పినా భూసేకరణ అధికారి మీ వాదన విని తీరాలి. ఈ 30 రోజులు లెక్కపెట్టేది పత్రికలో మీరు చూసిన రోజు నుంచి కాదు, గెజిట్‌లో నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి. పత్రికలో వచ్చేసరికే పది పదిహేను రోజులు గడిచిపోయి ఉండవచ్చు.

పాస్‌పుస్తకం నాన్నగారి పేరున ఉంది కాబట్టి ఊరుకున్నానంటారా? చదువుకున్నవారు, ఒక్క వకీలును అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవారు. తండ్రి పోయిన క్షణం నుంచి మీరు, మీ అమ్మగారు, మీ తోబుట్టువులు వారసులు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాలేదని మీ ఆసక్తి మాయమైపోదు. మరణ ధ్రువపత్రం, తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ఒక పేజీ అభ్యంతరం ఇచ్చి, నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని ఉంటే ఈరోజు మీ చేతిలో ఆయుధం ఉండేది. సోమవారం అర్జీ దానికి బదులు కాదు. అది ఫిర్యాదు, 20డి అభ్యంతరం కాదు. 2024 అక్టోబరు 24న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు 57 కిలోమీటర్ల కొత్త లైను దారిలో పొలాలున్నవారూ ఇది గుర్తుపెట్టుకోండి. మీ సర్వే నంబరు గెజిట్‌లో ఎప్పుడు వచ్చిందన్నదే మీ గడియారం.

ఇప్పుడేం మిగిలింది? ముందు కాగితాలు తెప్పించండి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి 20ఏ గెజిట్ తేదీ, రెండు పత్రికల ప్రకటనల నకళ్ళు, ఎవరెవరు అభ్యంతరాలిచ్చారో వాటిపై ఏం ఉత్తర్వులు వేశారో, 20ఈ డిక్లరేషన్ (భూమి కేంద్రానిదయిందని చెప్పే, మీరు ఉగాది తర్వాత చూసిన గెజిట్) తేదీ అడగండి. డిక్లరేషన్ 20ఏ ప్రచురించిన ఏడాదిలోపు రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లకుండా పోతుంది, మధ్యలో కోర్టు స్టే ఉంటే ఆ రోజులు మినహాయించి. మీరు చెప్పినదాన్ని బట్టి సంక్రాంతికీ ఉగాదికీ మధ్య నెలలే కాబట్టి ఇది మీకు పనికొచ్చేలా లేదు. తెలుగు పత్రికలో అసలు రాకపోయినా, 30 రోజులూ గడిచాక వచ్చినా, మీ సర్వే నంబరూ విస్తీర్ణమూ గుర్తుపట్టలేనట్టు రాసినా హైకోర్టులో రిట్‌కు దారి ఉంటుంది. రిట్‌కు చట్టం గడువు పెట్టలేదు కదా అని నిద్రపోకండి. జాతీయ రహదారుల చట్టంలో దాదాపు ఇదే భాష ఉన్న సెక్షన్ మీద బరంగూర్ జూట్ ఫ్యాక్టరీ కేసులో 2005లో సుప్రీంకోర్టు, భూమి వివరం సరిగా లేని నోటిఫికేషన్ చెల్లదని తేల్చింది. అయినా అప్పటికే స్వాధీనం జరిగి రోడ్డు పని అయిపోవడంతో భూమి తిరిగి ఇప్పించలేదు, పరిహారం లెక్కదగ్గరే ఊరట ఇచ్చింది. మీ పొలంలో ప్రొక్లెయిన్ దిగాక మీదీ అదే పరిస్థితి.

గ్రీన్ ట్రిబ్యునల్ సంగతి. ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని దక్షిణ మండల బెంచి కిందికి వస్తుంది. గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద దరఖాస్తు, వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లో పడాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు, ఆపైన ఒక్కరోజు కూడా ఇవ్వరు. గడువు ఉన్నా, పర్యావరణ అనుమతి అక్కర్లేని పనికి అనుమతి లేదని వేస్తే ఎక్కడ నిలబడుతుంది? తప్పుడు లేదా వేధింపు దావా అనిపిస్తే 23వ సెక్షన్ కింద ఖర్చులు వేస్తారు, మధ్యంతర ఉత్తర్వు వల్ల ఎదుటివారికి జరిగిన నష్టంతో సహా. ఊళ్ళో చందాలు వేసుకుంటున్నారని విన్నాను. ఆ డబ్బు దీనికి తగలేయకండి. ఒక్క సందర్భంలో మాత్రం చెన్నై దారి ఆలోచించదగ్గది. కట్టకు పోసే మట్టి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. రోడ్లలాంటి పొడవాటి పనులకు మామూలు మట్టి తవ్వకాన్ని పర్యావరణ అనుమతి నుంచి 2020లో మినహాయించిన నిబంధనను సుప్రీంకోర్టు 2024 మార్చి 21న నోబుల్ పైకడ కేసులో కొట్టేసింది. తర్వాత 2025లో కేంద్రం కొత్త షరతులతో మళ్ళీ నిబంధన తెచ్చింది. కాబట్టి మీ ఊరి చెరువునో కొండనో తవ్వుతుంటే లారీల ఫొటోలు తేదీతో తీసి, ఎంత తవ్వారు, ఏ అనుమతి ఉందన్నది సమాచార హక్కు కింద అడిగాకే అడుగు వేయండి.

ఆ పెద్దమనిషి సలహా విషయంలో మాత్రం ఖరాకండిగా చెబుతున్నాను, ఆ పని చేయవద్దు. గ్రామసభ మినిట్సు పుస్తకం ప్రభుత్వ రికార్డు. అందులో పాత తేదీతో తీర్మానం ఇరికించడం భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీ, ప్రభుత్వ రిజిస్టరు ఫోర్జరీకి 337 సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. దాన్ని కోర్టులో నిజమని దాఖలు చేయడం మరో నేరం. పట్టుకోవడం కష్టమేమీ కాదు. అధికారి కార్యాలయంలో ఇన్‌వర్డ్ రిజిస్టరు ఉంటుంది, ఆ తేదీకి ముందూ వెనకా వచ్చిన కాగితాలకు వరస నంబర్లుంటాయి, మీ కాగితం అందులో ఉండదు. కార్యదర్శి ఉద్యోగం పోతుంది, మీ మీద కేసు పడుతుంది, ఊరికి నిజంగా ఉన్న ఫిర్యాదును కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మరు. ఇంకొక మాట, గ్రామసభ తీర్మానం నిజమైనదే అయినా 20డి అభ్యంతరం కాదు. ఆ హక్కు భూమిలో ఆసక్తి ఉన్నవారిదే. జైలు ప్రమాదం నెత్తిన పెట్టుకున్నా వచ్చేదేమీ లేదు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గరకు వస్తాను. వానాకాలంలో కట్టకు ఇవతల నీళ్ళు నిలుస్తాయన్నారు. మీ ఉత్తరంలో ఇంకా బతికున్న కేసు అదే. రైల్వే చట్టం 16వ సెక్షన్ చదవండి. రైలు మార్గం వేయకముందు చుట్టుపక్కల భూములకు నీళ్ళు ఎంత స్వేచ్ఛగా వచ్చిపోయేవో, అంతే స్వేచ్ఛగా లేదా వీలైనంత దగ్గరగా పారడానికి సరిపడే తూములు, వంతెనలు, కాలువలు రైల్వే తన ఖర్చుతో కట్టాలి. కట్ట వల్ల పొలానికి దారి తెగిపోతే ట్రాక్టరు వెళ్ళే అండర్‌పాసూ ఇందులోకే వస్తుంది. తూము ఎంత వెడల్పు ఉండాలన్నది తేల్చేది రైల్వే ఇంజనీరు కాదు, రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం. అందుకే రైల్వే ఆఫీసుల చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు. పిటిషన్ కలెక్టరుకు పోవాలి, నకలు జలవనరుల శాఖ డ్రైనేజీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు. ఇది మీ ఒక్కరి పేరునే కాదు, పంచాయతీ తరఫున కూడా ఇవ్వండి. తీర్మానం కావాలంటే ఈ పనికి చేయించండి, ఈరోజు తేదీతో. రాష్ట్రం ఒక తేదీ పెట్టి చెప్పిన తర్వాత మూడు నెలల్లో రైల్వే పని మొదలుపెట్టకపోతే, రాష్ట్రం దాన్ని కేంద్రం దృష్టికి తీసుకెళ్ళి ఆదేశాలు తెప్పించవచ్చు.

ఇందులోనూ గడువు ఉంది, జాగ్రత్త. ఆ మార్గం ప్రజా రాకపోకలకు తెరిచిన పదేళ్ళు దాటాక కొత్తగా ఇలాంటి పనులు చేసే బాధ్యత రైల్వేకు ఉండదు. మీ పాత లైను ఎప్పటిదో. పిటిషన్‌లో పాత తూము ఇరుకని మొదలుపెడితే పదేళ్ళ అభ్యంతరం మీద అక్కడే మూసేస్తారు. కొత్త లైను కట్ట పడితే నీటి దారి ఇంకా మూసుకుపోతుందని, కట్ట వేసేటప్పుడే ఆ పని జరగాలని రాయండి. చట్టం కూడా నిర్మాణ సమయంలో లేదా వెంటనే చేయాలనే అంటోంది. సాక్ష్యం గట్టిగా పెట్టండి: గ్రామ నక్షా, మీ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), మురుగు కాలువ ఎటు పారేదో చూపే స్కెచ్, గత వానల్లో నీళ్ళు నిలిచిన ఫొటోలు తేదీలతో, ఇళ్ళలోకి ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద మరకల కొలత. డ్రైనేజీ ఇంజనీరుతో ఉమ్మడి తనిఖీ అడగండి. వాన పడే రోజున జరిగితే మరీ మంచిది. నీటి దారి చాలకపోతే ఏమవుతుందో రైల్వేకూ తెలుసు. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి, విజయవాడ–కాజీపేట మధ్య రైళ్ళు ఆగిపోయాయి.

ఒక చిన్న ఉచ్చు కూడా ఉంది. ఈ సౌకర్యాలు అక్కర్లేదని ఒప్పుకుని పరిహారం తీసుకున్న భూయజమానికి వాటిని అడిగే హక్కు ఉండదు. పరిహారం కాగితం మీద సంతకం పెట్టేముందు అలాంటి వాక్యం ఉందేమో ప్రతి పేజీ చదవండి. ఉంటే కొట్టేయించకుండా కలం ముట్టుకోకండి.

ఇక డబ్బు. 2015 ఆగస్టు 28 నాటి కేంద్ర ఉత్తర్వుతో రైల్వే భూసేకరణకు కూడా 2013 భూసేకరణ చట్టం పరిహారమే వర్తిస్తుంది, మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియంతో, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ముతో. మార్కెట్ విలువకు గత మూడేళ్ళలో మీ చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్ల నకళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఎక్కువ ధరవి ముందు. మీ కొబ్బరిచెట్లు కేసులోకి వచ్చేది ఇక్కడే. చెట్ల విలువ వేరుగా కడతారు, కాబట్టి ఎన్ని, ఎన్నేళ్ళవి, ఏడాదికి ఎంత కాపు అన్నది రాసి, ఉద్యాన శాఖ అధికారి చేత లెక్క వేయించమని అడగండి. పొలం చీలిపోయి మిగిలిన 58 సెంట్లకు తగ్గిన విలువ కూడా అడగాలి. అధికారి కట్టిన మొత్తం చాలకపోతే 20ఎఫ్ కింద కేంద్రం నియమించే ఆర్బిట్రేటరుకు (మధ్యవర్తికి) దరఖాస్తు చేయండి. అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వు, చేతికందిన వారంలోనే కదలండి.

క్లెయిమ్‌లో మీ అమ్మగారి పేరు, తోబుట్టువులుంటే వారి పేర్లూ తప్పక రాయండి. చెల్లెలికి పెళ్ళయింది కదా అని వదిలేస్తే ఆమె ఒక్క కాగితం ఇస్తే చాలు, ఎవరికెంతన్నది తేల్చమని అధికారి సివిల్ కోర్టుకు పంపుతాడు. అది తేలే దాకా మీ అమ్మగారి వాటా కూడా అక్కడే ఉంటుంది.