బ్లాగుల వేదికను మళ్ళీ తెరవబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,
మామయ్య ఆశీస్సులు.

మన పాత బ్లాగుల సైటుకు కొత్త రూపంగా నువ్వు పంపిన మూడు నమూనాలూ చూశాను. రెండోది బాగుంది. కళ్ళకు హాయిగా ఉంది, ఫోనులోనూ కుదురుగా కనిపిస్తోంది. దాని గురించి ఇంతకు మించి రాయను. ఈ పనిలో నీ సమయాన్ని తినేది ముఖపుట కాదు. దాని వెనక ఏళ్ళ తరబడి పేరుకున్న టపాలు, అంటే బ్లాగు రాతలు, వాటిని రాసిన మనుషులు. వాళ్ళను నువ్వు సభ్యులంటున్నావు. వాళ్ళ లెక్కలో ఆ చోటు వాళ్ళది, నువ్వు కొత్తగా తాళాలు పుచ్చుకున్నదానివి.

2010 ఆగస్టులో డిగ్ అనే అమెరికా వెబ్‌సైటుకు ఏమైందో తెలుసుకో. పాఠకులే లింకులు తెచ్చి, ఓట్లు వేసి, మంచివాటిని పైకి చేర్చే చోటు అది. నాలుగో రూపం పేరుతో యజమానులు అంతా ఒక్కసారిగా మార్చేశారు. నచ్చనిదాన్ని కిందికి తొక్కే మీట తీసేశారు. పత్రికలు తమ ఫీడును, అంటే కొత్త రాతలను తనంతట తానే అందించే జాబితాను, తామే నేరుగా పెట్టుకునే వీలిచ్చారు. దాంతో రోజూ కూర్చుని లింకులు ఏరి తెచ్చేవాళ్ళకు అక్కడ పనే లేకుండా పోయింది. సైటు పదే పదే మొరాయించింది కూడా. జనానికి ఒళ్ళు మండి, మొదటి పుటను పోటీ సైటు రెడిట్ లింకులతో నింపేశారు. చాలామంది ఆ తరవాత అక్కడికే వెళ్ళిపోయారు. 2008లో గూగుల్ ఆ సైటును దాదాపు 20 కోట్ల డాలర్లకు కొనబోతోందని వార్తలు వచ్చాయి. 2012లో దాని పేరూ సరంజామా సుమారు 5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి.

అలా ఉన్నపళంగా మాయం చేయకూడనిది మనకూ ఒకటుంది. తాజా వ్యాఖ్యల పుట. నీ మూడు నమూనాల్లోనూ అది లేదు. నలుగురి బ్లాగుల టపాలను ఒక్కచోట చూపించే కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు వెలిగిన కాలంలో టపాలు చదివి ఊరుకున్నవాళ్ళకన్నా వ్యాఖ్యల కోసం పొద్దస్తమానం తొంగిచూసినవాళ్ళే ఎక్కువని నా అభిప్రాయం. సమస్య ఇస్తే పద్యం పూరించేవాళ్ళు, ఆ పద్యంలో యతి తప్పిందని పట్టుకునేవాళ్ళు, ఆవకాయలో ఏ నూనె పోయాలని వారం రోజులు వాదించుకునేవాళ్ళు అందరూ అక్కడే కలిసేవారు. ఆ పుటను ముఖపుట నుంచి ఒక్క నొక్కు దూరంలో పెట్టు. ఏదైనా తీసేయాలనిపిస్తే ముందు ఎవరు ఏ పుట తెరిచారో నమోదయ్యే సర్వరు చిట్టా తెరిచి, దాన్ని ఎవరు వాడుతున్నారో చూడు. వాడేది పదిమందే కావచ్చు. ఆ పదిమందీ రోజూ రాసేవాళ్ళయితే దాన్ని ముట్టుకోకు.

టపాల వరుస గురించి అడిగావు. అందరికీ ఒకే వరుస, కొత్తది పైన. ఎవరికి ఏది నచ్చుతుందో యంత్రం ఊహించి చూపించడాలు ఫేస్‌బుక్‌కు వదిలేయి.

ఇక లంకెలు. ఇక్కడ నా మాట మొండిగానే ఉంటుంది: పాత లంకె ఒక్కటి కూడా తెగకూడదు. ఆ టపాలను వికీపీడియా వ్యాసాల్లో ఉదహరించినవాళ్ళున్నారు, పుస్తకాల ముందుమాటల్లో అచ్చువేసుకున్నవాళ్ళున్నారు. అచ్చయిన చిరునామాను నువ్వు దిద్దలేవు. కొత్త అమరికలో చిరునామాల తీరు మారక తప్పదంటే పాతదాని నుంచి కొత్తదానికి శాశ్వత దారిమళ్ళింపు పెట్టు, 301 అంటారే, అది. తెలియని చిరునామా వస్తే ముఖపుటకు తోసేసే పద్ధతి మాత్రం వద్దు. వెతుక్కుంటూ వచ్చినవాడికి తను ఎక్కడ తేలాడో కూడా అర్థం కాదు.

తెలుగు చిరునామాల్లో ఒక చిక్కుంది, ఇంగ్లీషు సైట్లు చేసినవాళ్ళకు ఇది తట్టదు. కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు. చిరునామాలో శాతం గుర్తులతో రాసేసరికి అది 9 గుర్తులవుతుంది. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు టపా శీర్షిక నుంచే చిరునామా తయారు చేస్తుంది, దానికి ఇచ్చే చోటు 200 గుర్తులు. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 22 అక్షరాలు దాటగానే శీర్షిక తెగిపోతుంది. పాత టపాల చిరునామాలు సగంలో ఆగినట్టు కనిపించడానికి కారణం ఇదే. అవి పాడయ్యాయనుకుని శీర్షికల నుంచి మళ్ళీ తయారు చేయబోకు. తెగినవి తెగినట్టే ఉండాలి, ప్రపంచానికి తెలిసిన చిరునామా అదే. కొత్త టపాలకు మాత్రం అంకెతో చిరునామా ఇవ్వు, గొడవ ఉండదు.

డేటాబేసు తరలించేటప్పుడు ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. 2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు తనంతట తాను ఎంచుకునే లిపి అమరిక (అక్షరాలను బైట్లుగా దాచే తీరు) లాటిన్-1, అది ఇంగ్లీషు లాంటి యూరపు భాషలకు చేసింది. అప్పటి సైట్లలో చాలావాటిలో తెలుగు లాటిన్ ముసుగులో దాక్కుని ఉంటుంది. పాత సైటులో చక్కగానే కనిపిస్తుంది. కొత్తదానికి మార్చగానే తలమీద గీతున్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే జంట, అలా పేరాలకు పేరాలు వస్తాయి. కనిపించగానే కంగారుపడి వెతికి మార్చే పని మొదలుపెట్టకు. తరలింపు ఆపి, నకలు మీద లిపి అమరిక సరిచేసి, మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకో. పరీక్షకు మామూలు టపాలు సరిపోవు. అరసున్నలు, బండి ర ఉన్న పద్యాల టపాలు, సంస్కృతం కలిసినవి, వ్యాఖ్యల్లో ఎమోజీలున్నవి ఏరి పెట్టుకుని చూడు. పాత మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరున్న అమరిక ఎమోజీని మింగలేదు. యూటీఎఫ్8ఎంబీ4 అన్నదే వాడాలి.

టపా మొదటి నాలుగు మాటలను పుటలో చూపించేటప్పుడు బైట్లు లెక్కపెట్టి కోయకు, అక్షరం మధ్యలో తెగి నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం తేలుతుంది. అక్షరాలు లెక్కపెట్టినా ఒత్తు దగ్గర తెగితే పొల్లు మిగిలిపోతుంది. మాట పూర్తయ్యే చోట కోయి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చినంత ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి, ఇంకాస్త వదులు. వెతుకుపెట్టె సంగతి కూడా చూడు. సాఫ్ట్‌వేర్ అన్న మాటను కొందరు కంటికి కనిపించని విడదీత గుర్తుతో రాస్తారు, కొందరు అది లేకుండా. వెతికేటప్పుడు ఆ గుర్తును పక్కన పెట్టకపోతే సగం టపాలు దొరకవు.

ఫీడుల మాట. 2013 జూలై 1న, ఫీడులు చదువుకునే సాధనం గూగుల్ రీడర్ మూతపడ్డాక ఫీడులతో పని లేదనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మన సైటుకు బయటి బ్లాగుల టపాలు వచ్చేది ఫీడుతోనే, మనవాళ్ళలో పట్టుదల గలవాళ్ళు ఇప్పటికీ చదివేదీ దానితోనే. ఫీడు చిరునామా మార్చకు. ఒక్కో టపాకు ఫీడులో ఉండే గుర్తింపు సంఖ్యనూ మార్చకు. మారిస్తే ఫీడు చదివే సాధనాలు పాత టపాలను కొత్తవనుకుని మళ్ళీ కుమ్మరిస్తాయి. తెల్లారేసరికి నీ పెట్టె నిండా తిట్లుంటాయి, అవి న్యాయమైనవే.

మనుషుల దగ్గరకు వద్దాం. తెరవడానికి కనీసం నెల ముందే పాతవాళ్ళకు ఉత్తరం రాయి. అందరికీ ఒకే ప్రకటన కాదు; ఎక్కువగా రాసినవాళ్ళకు, ఎక్కువగా వ్యాఖ్యానించినవాళ్ళకు పేరుపేరునా. ఏం మారుతోంది, ఏం మారదు, వాళ్ళ టపాల నకలు ఎలా తీసుకోవాలి, ఉండటం ఇష్టం లేకపోతే ఎలా వెళ్ళిపోవాలి, ఈ నాలుగూ చెప్పు. ఆఖరిది రాయడానికి వెనకాడకు. అప్పట్లో వాళ్ళు ఈమెయిలు ఇచ్చింది వేరే నిర్వాహకులకు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి ఒక న్యాయవాదిని అడుగు. చట్టం మాట అటుంచినా, అడగకుండా ఎవరి పేరునూ కొత్త జాబితాలో చేర్చడం మర్యాద కాదు. పాత సంకేతపదాలు ఎండీ5 అనే పాత, బలహీనమైన పద్ధతిలో దాచి ఉంటే వాటిని నమ్మకు, మొదటిసారి వచ్చినప్పుడు ప్రతివాళ్ళ చేతా కొత్తది పెట్టించు.

ఆ జాబితాలో ఇప్పుడు లేనివాళ్ళున్నారు. రిటైరయ్యాక, ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే లేఖినిలో టైపు చేయడం నేర్చుకుని, తమ ఊరి కబుర్లు, పాత సినిమాల ముచ్చట్లు రాసిపెట్టి వెళ్ళిపోయిన పెద్దలు. వాళ్ళ చిరునామాలకు ‘మిమ్మల్ని చాలా రోజులుగా చూడలేదు, తిరిగి రండి’ అని యంత్రం ఉత్తరం పంపితే దాన్ని తెరిచేది వాళ్ళ పిల్లలు. పాత సభ్యుల్లో ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టుకుని ఆ పేర్లు ముందే గుర్తించు. ఆ బ్లాగులను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, కొత్త వ్యాఖ్యలకు నిర్వాహకుల అనుమతి పెట్టు. కుటుంబం తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసెయ్యి. పుస్తకం వేసుకుంటామంటే టపాలన్నీ ఒక్క ఫైలుగా కట్టి ఇవ్వు.

అజ్ఞాతలను పూర్తిగా ఆపేయాలని నీ స్నేహితులు అంటున్నారట. నేను ఒప్పుకోను. పేరు చెప్పుకోలేని ఆడపిల్లలు, ప్రభుత్వ ఉద్యోగులు ఎంతోమంది మంచి వ్యాఖ్యలు రాశారు. తిట్టేవాడు పేరు పెట్టుకుని కూడా తిడతాడు. అజ్ఞాత వ్యాఖ్యలు పరిశీలించాకే ప్రచురించు, ఆ పరిశీలనకు ఇద్దరిని వంతులవారీగా కూర్చోబెట్టు. నువ్వొక్కదానివే ఆ పని నెత్తికెత్తుకుంటే మూడో నెలకే విసుగొస్తుంది.

తేదీ ఉగాది అన్నావు. వద్దు. ఆ రోజు రాసేవాళ్ళు ఊళ్ళో ఉంటారు, సరిచేయాల్సిన నీ కుర్రాళ్ళు సెలవులో ఉంటారు. వారం మధ్యలో మామూలు రోజు చాలు. మంగళవారం అనేవాణ్ణే గాని అమ్మమ్మ ఒప్పుకోదు, బుధవారం పెట్టు. దానికి ముందు రెండు వారాలు ఓ ఇరవైమందికి మాత్రమే తెరిచి చూపించు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళు, చవక ఫోను వాడేవాళ్ళు తప్పకుండా ఉండాలి. పాత సైటును ఆరు నెలలు వేరే చిరునామాలో చదవడానికి మాత్రం ఉంచు. వేడుక కావాలంటే డిసెంబరు రెండో ఆదివారం ఎలాగూ తెలుగు బ్లాగర్ల దినోత్సవమే, అప్పటికి సైటు కుదుటపడుతుంది, హైదరాబాదులో నలుగురినీ పిలిచి టీ ఇవ్వచ్చు.

డేటాబేసు నకలు తీశాక ఒక ప్రతి నాకు పంపు, పద్యాల టపాలు నేను చూసిపెడతాను. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఫోను చేయకు, అత్తయ్య నిద్ర చెడుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య