స్లర్రీ రిపోర్టులో జీటా పొటెన్షియల్ మైనస్ 32 అని ఉంది. అది రాతిపొడి ఛార్జేనా?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ట్యాంకులో స్లర్రీ (రాతిపొడి కలిసిన) నీళ్ళు రెండు రోజులైనా తేరుకోవు. ల్యాబ్‌కి పంపితే 'జీటా పొటెన్షియల్ −32 మిల్లీవోల్టులు' అని ఒక్క లైను రాసిచ్చారు. దాన్ని చూసి పటిక ఎంత వేయాలో చెప్పొచ్చా?

జవాబు:

అది ఛార్జి కాదండీ. రాతిపొడి ఒక్కదానికే చెందిన అంకె కూడా కాదు. రాతిపొడిదీ, అది తేలుతున్న ఆ నీళ్ళదీ కలిపి వచ్చిన అంకె. నీళ్ళు మారిస్తే అదే పొడికి ఇంకో అంకె వస్తుంది.

నీళ్ళలో రేణువు మీద రుణావేశం ఉంటే చుట్టూ ధన అయాన్లు మూగుతాయి. కొన్ని గట్టిగా అంటుకుని రేణువుతోపాటే కదులుతాయి. మిగతావి మబ్బులా వదులుగా పరుచుకుని ఉంటాయి. రేణువు కదిలినప్పుడు దాని వెంట వచ్చే నీటి పొరకీ, వెనకే ఉండిపోయే నీటికీ నడుమ ఒక హద్దు ఉంటుంది. దాన్ని జారుడు తలం అనుకోండి. దూరాన ఉన్న నీటితో పోల్చినప్పుడు ఆ హద్దు దగ్గరుండే పొటెన్షియలే జీటా. రేణువు ఉపరితలం మీద పొటెన్షియల్ వేరు, మామూలుగా ఇంకా ఎక్కువ.

ఇంకో సంగతి, యంత్రం జీటాను నేరుగా కొలవదు. కరెంటు క్షేత్రం పెట్టి రేణువు ఎంత వేగంగా జరుగుతుందో కొలుస్తుంది. దీన్నే ఎలక్ట్రోఫోరెసిస్ అంటారు. ఆ వేగాన్ని 1903 నాటి స్మొలుఖోవ్‌స్కీ సూత్రంలో వేసి జీటా లెక్క కడుతుంది. 25 డిగ్రీల నీటిలో, ఒక సెంటీమీటరుకు ఒక వోల్టు క్షేత్రంలో రేణువు సెకనుకు ఒక మైక్రాన్ జరిగితే జీటా 12.8 మిల్లీవోల్టులు. 35 డిగ్రీల దగ్గర నీరు పలచబడుతుంది కాబట్టి అదే వేగానికి సుమారు 10.9. మన ఎండల్లో వేడెక్కిన శాంపిల్‌ని 25 డిగ్రీలుగా నమోదు చేస్తే అంకె 15 శాతానికి పైగా పెరిగిపోతుంది. మరీ సన్నని రేణువులు, ఉప్పు తక్కువ ఉన్న నీళ్ళు అయితే హ్యూకెల్ సూత్రం వాడాలి. దాంతో అంకె ఒకటిన్నర రెట్లు అవుతుంది. రాతిపొడికి దాని అవసరం రాదు.

అందుకే ఆ ఒక్క లైను రిపోర్టు చాలదు. పీహెచ్, కండక్టివిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపే అంకె), ఉష్ణోగ్రత, శాంపిల్‌ని దేంతో పలచన చేశారు అనే నాలుగూ అడగండి. ఎక్కువగా తప్పు జరిగేది నాలుగోదాంట్లోనే. యంత్రం రేణువుల కదలికను కాంతితో చూస్తుంది, చిక్కటి స్లర్రీలోంచి కాంతి పోదు కాబట్టి పలచన చేయక తప్పదు. చేతికందింది కదా అని డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఉప్పు తగ్గిపోతుంది, పీహెచ్ జరుగుతుంది, రుణ జీటా లేనిపోని పెద్ద అంకెగా కనిపిస్తుంది. అదే స్లర్రీని సెంట్రిఫ్యూజ్ చేసి (గిర్రున తిప్పి పొడిని అడుగుకు దించి) పైన తేరిన నీటితోనే పలచన చేయాలి. ఆ నీళ్ళు ఒక లీటరు విడిగా సీసాలో పంపండి, అడగకపోయినా.

ఇక మైనస్ 32 అంటే ఏమిటి? 30 దాటితే, ప్లస్ అయినా మైనస్ అయినా, రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయని ఒక ఉజ్జాయింపు లెక్క. అది సన్నని రేణువులకే వర్తిస్తుంది. 50 మైక్రాన్ల రవ్వ జీటా ఎంతున్నా అడుగుకే పోతుంది. మీ ట్యాంకులో తేరుకోనిది ఒకటి రెండు మైక్రాన్ల కంటే సన్నని భాగమే.

నీటిలో ఉప్పు కూడా చూడాలి. అయాన్ల మబ్బు మందం లీటరుకు ఒక మిల్లీమోల్ మామూలు ఉప్పులో దాదాపు 10 నానోమీటర్లు, సముద్రపు నీటిలో అర నానోమీటరు కూడా ఉండదు. మబ్బు పలచబడితే రేణువులు దగ్గరికొచ్చి అంటుకుంటాయి. సోమశిల జలాశయం నీళ్ళలో రోజుల తరబడి తేలే ఒండ్రు, పెన్న సముద్రంలో కలిసేచోట గుంపుకట్టి కూర్చోవడానికి ముఖ్య కారణం ఇదే. గ్యాంగ్‌సా (రాతి దిమ్మల్ని పలకలుగా కోసే రంపం) స్లర్రీలో సున్నం ఉంటే కాల్షియం కూడా ఇదే పని కొంత చేస్తుంది. ఉత్త నీళ్ళతో నడిచే పాలిషింగ్ లైనుకు ఆ సాయం ఉండదు.

పటిక మోతాదును జీటా అంకె నుంచి లెక్కకట్టలేం. జార్ టెస్ట్ చేయాల్సిందే. 10 గ్రాముల పటిక లీటరు నీటిలో కరిగించండి. ఇందులో ఒక మిల్లీలీటరు వేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు పడ్డట్టు. ఆరు జార్లలో లీటరు చొప్పున స్లర్రీ నీళ్ళు పోసి 2, 4, 8, 12, 16, 20 మిల్లీలీటర్లు వేయండి. నిమిషం పాటు వేగంగా, 15 నిమిషాలు నిమిషానికి 30 చుట్ల చొప్పున మెల్లగా తిప్పి, అరగంట వదిలేయండి. ప్రతి జారులో పీహెచ్ చూడండి, 6 నుంచి 7.5 మధ్య ఉండాలి. మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారగుణాన్ని) తినేస్తుంది. అది చాలకపోతే కొంచెం సున్నం కలపాలి.

బాగా తేరిన జారులో జీటా సున్నాకు దగ్గరగా, ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే పటిక ఛార్జిని చంపి పనిచేసిందన్నమాట. మోతాదు పెంచే కొద్దీ మళ్ళీ మురికైతే ప్లస్ వైపు దాటి రేణువులు తిరిగి విడిపోతున్నాయి. 'తేరలేదు, ఇంకో బస్తా వేయి' అనే పద్ధతి దెబ్బతినేది ఇక్కడే.

పాలిమర్ సంగతి వేరు. గ్రానైట్ యూనిట్లలో వాడే యానయానిక్ పాలిఅక్రిలమైడ్ కూడా రుణమే, రాతిపొడీ రుణమే, అయినా నీళ్ళు తేరుతాయి. పొడవాటి గొలుసు రెండు మూడు రేణువుల్ని కలిపి కడుతుంది కాబట్టి జీటా మైనస్‌లోనే ఉండిపోతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. బిందెలో చిల్లగింజ అరగదీయడం కూడా ఈ కోవలోదే. మునగ గింజ మాత్రం ధనావేశపు ప్రోటీన్‌తో పటికలా ఛార్జిని చంపుతుంది. పాలిమర్‌ని లీటరుకు ఒక గ్రాము చొప్పున, నీళ్ళు తిరుగుతుండగా కొద్దికొద్దిగా చల్లి గంటసేపు మెల్లగా కలపండి. ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది, మిక్సీ వేగంతో తిప్పితే గొలుసులు తెగిపోతాయి. స్లర్రీలో లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి.

తేరిన నీళ్ళనే మళ్ళీ లైనుకు వాడేటట్లయితే తిరిగిన కొద్దీ ఉప్పు పెరుగుతుంది. బోరు నీళ్ళు ముందే ఉప్పగా ఉన్న ఊళ్ళలో ఇంకా త్వరగా పెరుగుతుంది. కండక్టివిటీ మీటరు ఒకటి ట్యాంకు దగ్గర పెట్టి, అది బాగా మారినప్పుడల్లా జార్ టెస్ట్ మళ్ళీ చేయండి.