కంచం కబుర్లు: నోరు ఎవరిది, హస్తం ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బరువు గురించే ఉన్నాయి. నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది. ఆ ఉత్తరం చదివి నాకు కొంచెం కోపం వచ్చిన మాట కూడా నిజమే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు, మా ఆవిడకు 39. ఇద్దరు పిల్లలు. ఆవిడ ఎత్తు 5 అడుగుల ఒక అంగుళం, బరువు 78 కిలోలు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఎంత చెప్పినా నోరు కట్టుకోదు. అందరం తిన్నాక మిగిలిందంతా తనే తినేస్తుంది. నేను 5 అడుగుల 5 అంగుళాలు, 68 కిలోలు, నాకే సమస్యా లేదు. సరుకులన్నీ నేనే తెస్తాను. నెలకు 5 లీటర్ల నూనె డబ్బా, దేనికీ లోటు చెయ్యను. ఎవరి ఆరోగ్యానికి వాళ్లే బాధ్యులు కదా? ఆవిడకు గట్టిగా తగిలేలా నాలుగు మాటలు రాయండి, పత్రిక చూపిస్తాను.
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తప్పకుండా చూపించండి. ముందు మీరు చదవండి.

‘అందరం తిన్నాక మిగిలిందంతా తనే తినేస్తుంది’ అని రాశారు. అసలు సంగతి అక్కడే ఉంది, మీరు దాన్ని నేరం కింద రాశారు. నేను 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేశాను. ఓపీకి వచ్చిన ఆడవాళ్లను ‘పొద్దుట్నుంచి ఏం తిన్నారమ్మా’ అని అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: ‘ఏం తినలేదండీ.’ అది అబద్ధం కాదు. కంచం పెట్టుకుని, కూర్చుని ఏమీ తినలేదు. పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, పారెయ్యడానికి చెయ్యి రాక నోట్లో వేసుకున్న పులిహోర, మూడింటికి కూర గిన్నెలోనే కలుపుకున్న అన్నం, ఇవేవీ వాళ్ల లెక్కలో తిండి కాదు. గిన్నెలు సర్దడం. నేనూ అలా సర్దీ సర్దీ ఒకప్పుడు 79 కిలోలకు చేరాను. పోషకాహార డిప్లొమా గోడకు వేలాడుతూనే ఉంది.

కాబట్టి ఆవిడకు నా మొదటి మాట: అమ్మా, రాత్రి భోజనానికి అందరితో పాటు మీరూ కూర్చోండి. మీ కంచం కూడా ముందే పెట్టుకోండి. రెండో మాట మీ వారికి: భోజనం అయ్యాక గిన్నెలు ఆయన సర్దాలి. మిగిలింది పారేస్తే పాపమనిపిస్తే ఆయన్నే ఆ పాపం మొయ్యమనండి.

ఇక నూనె. మీరు గొప్పగా చెప్పుకున్న ఆ డబ్బా లెక్క చూద్దాం. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. 5 లీటర్లను నలుగురికి, 30 రోజులకు పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది, మరీ ఒళ్లొంచే పని కాకపోతే, 20 నుంచి 30 గ్రాములు. బయట తినే బజ్జీ, బిర్యానీ ఇందులో లేవు. మూడు లీటర్లు తెండి, 23 గ్రాములకు వస్తుంది. తగ్గిన రెండు లీటర్లలో 16 వేల కేలరీలకు పైనే ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఒక్కొక్కరికీ నెలకు అరకిలో కొవ్వు. శరీరం కాగితం ప్రకారం నడవదు, నాకూ తెలుసు. కానీ ఇంట్లో ఉన్న నూనె ఎప్పుడూ ఖర్చవుతుంది, లేని నూనెలో ఎవరూ గారెలు వండలేరు. ఇంట్లో నూనె ఎంత ఖర్చవుతుందో కొట్టు దగ్గర నిలబడ్డవాడే తేలుస్తాడు. ఆ నిలబడేది మీరు.

ఎవరి ఆరోగ్యానికి వాళ్లే బాధ్యులన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. మగవాళ్లూ రెండు చోట్లా నూటికి 30 దాటారు. ఇంతమందికి ఒకేసారి నోరు అదుపు తప్పిందంటారా? మన అమ్మమ్మలకు మనకన్నా నోరు కట్టుకోవడం బాగా వచ్చని నేననుకోను. వాళ్ల ఇంట్లో నూనె గానుగ నుంచి చిన్న గిన్నెలో వచ్చేది. రోకలి పోటుకీ బావి చేదకీ సగం తిండి కరిగిపోయేది. మన ఇంట్లో మిక్సీ తిరుగుతుంది, మనం కూర్చుని చూస్తాం.

అలాగని బాధ్యత లేదని నేననను. 79 కిలోల నుంచి 67కి దిగింది నేనే, ఇంకెవరూ దించలేదు. మూడేళ్లు పట్టింది. అయితే నేను మార్చింది నోటిని కాదు, వడ్డనని. మన భోజనం మీకు తెలుసు కదా. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి మళ్లీ అన్నం, చివర పెరుగులోకి ‘కాస్తంత’. నాలుగు విడతలు, ప్రతిసారీ వడ్డించే హస్తం నిండా. ఎంత తిన్నామో దేవుడికి కూడా తెలీదు. మా అత్తగారైతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించగల మనిషి, పైగా ‘నా మీద ఒట్టు’. ఆవిడ ప్రేమని మార్చడం నా వల్ల కాలేదు. అందుకని స్టీలు హస్తాన్ని అటక మీద పెట్టేసి పిల్లల బొమ్మల వంటసామాను కన్నా కాస్త పెద్దదొకటి కొన్నాను. నాలుగు విడతలకూ కావలసిన అన్నం మొదటే ఒక పక్కన పెట్టుకుని, దాన్నే అన్నిట్లోకీ పంచుకోవడం మొదలుపెట్టాను. కూర రెండింతలు చేశాను. కంచంలో సగం కూరగాయలూ పళ్లే ఉండాలని తార్నాక సంస్థవాళ్లు చెప్తారు. తెలుగువాడి కంచంలో కూర అన్నంలోకి నంజుకునేంతే ఉంటుంది, అదే చిక్కు.

ఆవిడకు థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి, మోకాళ్లు డాక్టరుకి చూపించండి. ఇద్దరు పిల్లల తల్లి ఏడాదిలో ఒక్కసారైనా తన కోసం ఆసుపత్రికి వెళ్లిందో లేదో మీరు రాయలేదు.

‘నాకే సమస్యా లేదు’ అన్నారు. మీరిచ్చిన కొలతలతో మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 24.9. మన దేశపు వాళ్లకు డాక్టర్లు వాడే లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. గడప మీద కూర్చున్నారు. టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 హద్దు. పొట్ట లోపలికి పీల్చకూడదు. ఎంత వచ్చిందో ఆవిడకు కూడా చెప్పండి.

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు, 61 కిలోలు. స్కూల్లో పిల్లలు పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారు. మా అత్తమ్మ ‘పెరిగే పిల్లగాడు, తిననియ్యి’ అంటారు. మా వారు రోజూ బరువు తూచి తిడతారు. నేను జంక్ ఫుడ్ మానిపించి మల్టీగ్రెయిన్ బిస్కెట్లు, పండ్ల రసం డబ్బాలు ఇస్తున్నాను. అయినా తగ్గట్లేదు.
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ముందు ఆ తూకం మిషను దాచెయ్యండి. 12 ఏళ్ల పిల్లవాడు సరుకులు కొనడు, వండడు, డబ్బులు సంపాదించడు. బాధ్యత మాత్రం వాడిదా? పిల్లలకు పెద్దవాళ్ల బీఎంఐ లెక్క పనికిరాదు. వయసుకీ ఎత్తుకీ తగిన పట్టికలు పిల్లల డాక్టరు దగ్గర ఉంటాయి. ఒకసారి చూపించండి. ఈ వయసులో చాలామందికి బరువు తగ్గించనక్కర్లేదు, పెరక్కుండా చూస్తే ఎత్తు పెరిగి సర్దుకుంటుంది.

ఆ బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మందు అట్ట మీద గడువు తేదీ చూసే మనం దీన్ని చదవం. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. నేను మా వీధి కొట్లో చూసిన ‘మల్టీగ్రెయిన్’ ప్యాకెట్లలో ఎక్కువ వాటికి మొదటి మాట మైదా. తర్వాత పామాయిల్, చక్కెర. ముందువైపు బొమ్మ వేసిన రాగులూ ఓట్సూ ఎక్కడో చివర ఉంటాయి. డబ్బా రసం కూడా అంతే, జామకాయ కొరికితే వచ్చే పీచు అందులో ఉండదు. కూల్‌డ్రింకు 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాముల చక్కెర, అంటే ఆరు చెంచాలు. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటారు.

ఏ తిండిలో ఎంత చక్కెరో చూపే ‘చక్కెర బోర్డులు’ స్కూళ్లలో పెట్టమని సీబీఎస్ఈ 2025 మేలో చెప్పింది. మీ స్కూల్ సీబీఎస్ఈ కిందే అయితే పెట్టారో లేదో పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. అదే ఏడాది సెప్టెంబరులో జీఎస్టీ మార్చారు. కూల్‌డ్రింకులకు 40 శాతం అని పెద్దగా చెప్పారు గానీ పాత పన్నూ సెస్సూ కలిపితే ముందూ అంతే ఉండేది. బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్స్చర్ ప్యాకెట్లు మాత్రం 5 శాతానికి దిగాయి. ఒక చేత్తో బోర్డు పెట్టి ఇంకో చేత్తో ప్యాకెట్ చవక చేస్తే తల్లి ఏం చెయ్యాలి? నాకూ చిరాకుగానే ఉంది.

స్కూలు నుంచి రాగానే ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడో, మక్క కంకో, జామకాయో పెట్టండి. అత్తమ్మగారిని వారానికోసారి నూనె తక్కువేసి సర్వపిండి చెయ్యమనండి. ఆవిడను పక్కన పెట్టి ఈ ఇంట్లో ఏదీ మారదు. సాయంత్రం గంటసేపు ఆటకి పంపండి. ‘మరి మా ఆయనకి ఏం చెప్పాలి’ అంటారా? తిట్టే ఆ పది నిమిషాలు బాబుతో షటిల్ ఆడమనండి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. వయసు 41, ఫ్యాటీ లివర్ ఉంది, బరువు తగ్గడానికి డాక్టర్ వారానికో ఇంజెక్షన్ అంటున్నారు. మా అమ్మ ఫోన్‌లో ‘కష్టపడకుండా తగ్గితే అది తగ్గడమేంట్రా’ అంటోంది. తీసుకోనా?
— ఒక పాఠకుడు

జవాబు: అమ్మగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారా? వేసుకుంటే ‘ఉప్పు మానేసి కష్టపడి తగ్గించుకోవే’ అని మీరు అనరు కదా. ఆ ఇంజెక్షన్లు ఆకలి తగ్గించే పేగు హార్మోన్‌లా పనిచేస్తాయి. డాక్టరు చూసి రాస్తే తీసుకోవడంలో సిగ్గేమీ లేదు. మానేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది, వికారం ఉండొచ్చు, కొవ్వుతో పాటు కండా పోతుంది. కాబట్టి పప్పు, గుడ్డు, చేప మానకండి, బరువులెత్తండి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే, మీకెప్పుడైనా పాంక్రియాస్ (క్లోమం) వాచి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. శనివారం పాట్‌లక్ విందుకి ఒక్కో ఇల్లూ ఒక్కో ట్రే బిర్యానీ తెస్తారని విన్నాను. మీరు ఈసారి పెద్ద గిన్నెడు పెసర మొలకల సలాడ్ తీసుకెళ్లండి, నవ్వితే నవ్వనివ్వండి.

(ఏడెనిమిదేళ్ల కిందటి కొబ్బరినూనె డైట్ మళ్లీ మొదలుపెట్టనా అని ముగ్గురు అడిగారు. అప్పుడు తగ్గిన బరువు ఇప్పుడు ఎక్కడుందో ముందు రాయండి.)

ప్రశ్న: అమ్మగారూ, గోదావరి గట్టు మీద నాకు బజ్జీల బండి ఉంది, పద్దెనిమిదేళ్లుగా. గత సంచికలో మీరు సాయంత్రం బజ్జీ మానమని రాశారు. మా కుర్రాడు చదివి వినిపించాడు. నేనేమైనా ఎవరి నోట్లోనైనా కుక్కుతున్నానా? తినేవాడికి తెలియాలి కదా.
— రాజమండ్రి

జవాబు: తమ్ముడూ, తణుకాయనా ఇదే మాట అన్నారు. ఆయనకు కోపంగా చెప్పాను, మీకు చెప్పలేను. ఆయన ఇంట్లోకి వచ్చే సరుకు ఆయన చేతిలో ఉంది. మీ బండి ముందుకు వచ్చేవాడు జేబులోంచి డబ్బు తీసి, కావాలని వచ్చేవాడు. సగం మాట మీదే రైటు. గట్టు మీద గాలికి నిలబడి, ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండిన మిర్చి బజ్జీ తినొద్దని నేను రాసిన రోజు నాకే నమ్మకం లేదు. రోజూ వద్దని రాసి ఉండాల్సింది.

మిగతా సగం మాట నూనెది. అది తినేవాడికి తెలియదు, మీకే తెలుసు. మూకుడులో నూనె ఎన్ని రోజులు నడుస్తుంది? మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె విరిగి పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నియమం పెట్టింది. కొలిచే మిషను మీ దగ్గర ఉండదు, కన్నూ ముక్కూ ఉన్నాయి. నల్లబడినా, వేడెక్కగానే నురగ వచ్చినా, జిగురుగా సాగినా, ఘాటుగా పొగ లేచినా అది అయిపోయినట్టే. కొత్త నూనె కలిపి దాన్ని బతికించకండి. వాడిన నూనెను బయోడీజిల్ కోసం కొనేవాళ్లున్నారు, మీ ఊళ్లో ఆరా తియ్యండి. చవకని పామాయిల్ వాడక తప్పదంటారు, తెలుసు, ధరల పట్టిక నేనూ చూస్తాను.

ఇంకోటి, న్యూస్ పేపర్లో పెట్టి ఇవ్వకండి. అచ్చు సిరా వేడి నూనెలోకి దిగుతుంది. మా పత్రిక కాగితం కూడా వద్దు, నా ఫోటో మీద బజ్జీ పెట్టినా సరే.

మీ ప్లేటుకి నాలుగంటగా? రెండు బజ్జీలతో సగం ప్లేటు కూడా పెట్టండి. ఒక్కడే వచ్చిన మనిషి నాలుగూ కొని, వదల్లేక నాలుగూ తింటాడు. మాఘంలో మా మేనకోడలి పెళ్లికి రాజమండ్రి వస్తున్నాను. సాయంత్రం గట్టు మీదకి వస్తాను. సగం ప్లేటు ధర పలక మీద రాసి ఉంచండి, చిల్లర తెచ్చుకుంటాను.