మీ నాయనకు అన్నం సయించకపోతే

చిత్తూరు, గ్రీమ్స్‌పేట

చిన్నోడా,

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. నాయనను పలమనేరులో ఒంటరిగా వదలకుండా తిరుపతికి పిలుచుకొచ్చి, ఆరు నెలలూ నీ దగ్గరే పెట్టుకుని టీబీ మాత్రలు మింగిస్తానన్నావంట. ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసుకు కూడా రాసిచ్చేశావంట. వాడు నిన్ను ఇన్నేళ్ళూ ఎన్ని మాటలన్నాడో నాకు తెలుసు. నువ్వు ఎదురుగా ఉంటే ఇది చెప్పేదాన్ని కాదు, కాగితం కాబట్టి చెప్తున్నా: నిన్ను చూస్తే గర్వంగా ఉందిరా. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. టీబీ నయమయ్యే జబ్బే. నా భయమంతా వాడి కాలేయం గురించి.

మామూలు సంగతులు ఆశా కార్యకర్త చెప్పే ఉంటుంది. బరువును బట్టి ఇచ్చిన మాత్రలన్నీ రోజూ ఒకే వేళకు ఒకేసారి వెయ్యాలి, దగ్గితే గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి పెట్టాలి. తిండికని గవర్నమెంటు వాళ్ళు వాడి ఖాతాలో నెలకు వెయ్యి రూపాయలు వేస్తారు, 2024 నవంబరుకు ముందు అది 500. దాంతో గుడ్లూ పాలూ కొను, వాడి చేతికి మాత్రం ఇవ్వొద్దు. ఎందుకో నీకు తెలుసు.

ఆ మాత్రల్లో నాలుగు మందులుంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. చివరిదాన్ని వేసుకునేటప్పుడు చూపు మసకబారుతుందేమో కనిపెట్టుకోవాలి గానీ కాలేయానికి దాంతో భయం లేదు. మిగతా మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు, అందులో పైరజినమైడ్ మరీ గడుసుది. అది మొదటి రెండు నెలలే ఉంటుంది, ఆ రెండు నెలలూ నువ్వు ఒళ్ళంతా కళ్ళు చేసుకోవాలి. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా కోర్సు ముగిస్తారు. మీ నాయన లెక్క వేరు. వయసు అరవైకి దగ్గరపడింది, మనిషి చిక్కి సగమయ్యాడు, పైగా పాతికేళ్ళ తాగుడు. అందుకే మొదటి మాత్ర వేసే ముందే కాలేయం ఎట్లుందో చెప్పే రక్తపరీక్షలు, బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ చేయించు. హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ, షుగరు కూడా చూడమను. ఆ తర్వాత రెండు వారాలకోసారి రక్తం చూడమని డాక్టర్ని నువ్వే అడుగు, మొహమాటపడొద్దు.

కొండ కింద ఉన్నాడు గదా, తాగడులే అనుకుంటున్నావేమో. నిషేధం అలిపిరి దాటినాకే, నీ కొర్లగుంటలో కాదు. అట్లని గదిలో పెట్టి తాళం వేసేవు! రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్సూ రావచ్చు. రోజుకు ఎంత తాగేవాడో డాక్టరుకు దాచకుండా చెప్పు, దానికీ మందులున్నాయి. నువ్వు పరువుకోసం తక్కువ చేసి చెప్పావంటే నష్టపోయేది వాడే.

ఇక మీ తాత సంగతి. నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

తాతకు టీబీ వచ్చినప్పుడు నువ్వింకా పుట్టలేదు, నేను కర్నూల్లో నర్సుగా చేస్తున్నా. మాత్రలు మొదలెట్టిన నెలకు ఆయనకు అన్నం వాసన పడలేదు. పొయ్యి మీద ఎసరు తెర్లితే చాలు, లేచిపోయి అరుగు మీద కూర్చునేవాడంట. టీబీ మనిషికి ఆకలెక్కడుంటుందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు. వాంతులైతే వేడి చేసిందని మజ్జిగ పోశారు. ఒళ్ళు నొప్పులంటే అంగట్లో జ్వరం బిళ్ళలు తెచ్చి పూటకొకటి మింగించారు. అవి పారాసిటమాల్, అదీ ఎక్కువైతే కాలేయానికి చెరుపే. మూత్రం రంగు మారిందని మీ అవ్వ గమనించింది. మందులిచ్చేచోట అడిగింది కూడా. అక్కడి మనిషి తలెత్తకుండానే, "ఈ మందుకు ఎర్రగానే వస్తుందిలేమ్మా, భయపడొద్దు" అన్నాడు.

అన్నది అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. రిఫాంపిసిన్ మొదటిరోజు నుంచే మూత్రాన్ని ఎర్రగా, నారింజ రంగుకు తిప్పుతుంది. చెమటకూ కన్నీళ్ళకూ ఆ రంగే వస్తుంది. మాత్ర వేసిన కొన్ని గంటలు బాగా ఎర్రగా ఉండి, పొద్దుగూకేసరికి పలచబడుతుంది. కామెర్ల మూత్రం అట్లా పలచబడదు, పొద్దుననకా రాత్రనకా చిక్కటి కాఫీ డికాషన్ లాగా ఉంటుంది. రిఫాంపిసిన్‌కు కంటి తెల్లగుడ్డు పచ్చబడదు. ఆ కన్ను కూడా ట్యూబులైటు కింద చూస్తే తెలియదు, పొద్దున వాకిట్లో నిలబెట్టి కిందిరెప్ప లాగి చూడు.

కళ్ళు పచ్చబడినాక కూడా తాతను ఆసుపత్రికి తీసుకుపోలేదు. పసరు పోసేవాడి దగ్గరికి తీసుకుపోయారు. ముక్కులో పసరు పిండి, మణికట్టు మీద వాత పెట్టి, ఉప్పూ నూనే లేని పత్యం చెప్పాడు. "ఆ మాత్రలు మానొద్దు, వాటి దారి వాటిది, దీని దారి దీనిది" అన్నాడంట. కాలేయాన్ని చెరుస్తున్నవే ఆ మాత్రలని వాడికేం తెలుసు? ఆయన అవీ మింగాడు, పసరూ పోయించుకున్నాడు. సంక్రాంతికి నేనొచ్చేసరికి మనిషి మగతగా పడున్నాడు. కారు మాట్లాడుకుని రాయవేలూరు, అదే వెల్లూరు, ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ ముందు మాత్రలన్నీ ఆపేశారు. కాలేయం లెక్కలు దిగొచ్చాక రిఫాంపిసిన్ ఒక్కటి ఇచ్చి, రక్తం చూసి, ఆ తర్వాత ఐసోనియాజిడ్ కలిపారు. పైరజినమైడ్ మళ్ళీ ఇవ్వనేలేదు, అందుకని కోర్సు తొమ్మిది నెలలకు సాగింది. తాత బతికి, నీ బారసాలకు పప్పన్నం తిన్నాడు. వాత మచ్చ మాత్రం పోనేలేదు.

అప్పుడు తాత మంచం పక్కన కూర్చున్నది మీ నాయనే. అంతా చూసినవాడే, అయినా వాడికి ఏం జరిగినా నీకు చెప్పడు. చిన్నప్పటినుంచీ అంతే. కాలికి మేకు గుచ్చుకుంటే మూడు రోజులు దాచాడు. "ఎట్లుంది నాయనా" అని అడిగితే "బాగుందిరా" అంటాడు. వాణ్ణి అడక్కు, తట్ట చూడు. రాగిసంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి వేస్తే వేళ్ళు నాకేవాడు, ఆ ముద్ద సగంలో వదిలేశాడంటే అదే గుర్తు. కళ్ళు పచ్చబడేదాకా ఆగొద్దు. ఒక పూట సయించకపోతే మాత్ర వికారమే కావచ్చు, కాస్త తినిపించి వేస్తే సర్దుకుంటుంది. అన్నం మీదనే అసహ్యం పుట్టినా, వాంతులు ఆగకపోయినా, కుడిపక్క డొక్కలో నొప్పి అన్నా, మూత్రం చిక్కబడినా, తర్వాతి మోతాదు వేసే ముందే డాక్టరు దగ్గరుండాలి మీరిద్దరూ.

రిపోర్టు చూసి గాబరా కూడా పడకు. ఎస్‌జీపీటీ 40 లోపల ఉండాల్సింది 70, 80 కావడం, దానంతటదే దిగడం మామూలే. ల్యాబు హద్దుకు మూడింతలు దాటి వాంతులో వికారమో ఉంటే, ఏ బాధా లేకున్నా ఐదింతలు దాటితే, డాక్టర్లు ఆపుతారు. ఆపడమూ, మళ్ళీ మొదలుపెట్టడమూ వాళ్ళ పని. నీ అంతట నువ్వు ఒకటి తీసి ఒకటి వేశావంటే టీబీ మొండికెత్తుతుంది.

నేల ఉసిరి, తిప్పతీగ కషాయం అంటూ మీ అమ్మ మొదలుపెడుతుంది. తిప్పతీగతోనే కాలేయం చెడినవాళ్ళు ఉన్నారని చెప్పు. లివర్ టానిక్కు పోస్తున్నాం గదా అని రక్తపరీక్ష ఎగ్గొట్టొద్దు. వాడి బీపీ, షుగరు బిళ్ళల పేర్లు కూడా డాక్టరుకు చూపించు, రిఫాంపిసిన్ వాటి బలం తగ్గిస్తుంది. రాత్రిపూట ఏ అనుమానమొచ్చినా నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే. టీబీ వాళ్ళ ఉచిత నంబరూ రాసిపెట్టుకో: 1800-11-6666.

మొదటి రక్తపరీక్ష కాగితం వాట్సాప్‌లో పెట్టు. అంకెలు కనబడేట్టు దగ్గరగా తియ్యి, నాకు చత్వారం. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తా, ఊరిబిండి నేనే నూరుకొస్తా.

మీ అత్త