2020లో కోవిడ్ సాయం కోసం అమెరికా తెచ్చిన కేర్స్ చట్టం వల్ల వైద్య పరికరాల కంపెనీలు నిజంగా బాగుపడ్డాయా?

పెద్ద కంపెనీలు ఎలాగూ నిలబడేవే. చిన్నవాటిలో మాత్రం, బ్యాంకు మేనేజరు ఎవరి ఫోన్ ఎత్తాడో వాళ్లు బతికారు. మిన్నెసోటాలో ఓ చిన్న వైద్య పరికరాల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తూ ఆ ఏడాదంతా దగ్గర నుంచి చూశాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

కోవిడ్ వచ్చిందంటే వైద్య పరికరాలు చేసేవాళ్లకు పండగే అని అప్పట్లో మా చుట్టాలందరూ అనుకున్నారు. టీవీలో చూపించేది అదే మరి. జనరల్ మోటార్స్‌కు 30,000 వెంటిలేటర్ల కోసం దాదాపు 49 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారని చూసి, మాకూ అలాగే డబ్బు వచ్చిపడుతోందనుకున్నారు. మేం చేసేది మోకాలి కీహోల్ ఆపరేషన్లలో వాడే సన్నటి పనిముట్లు. మార్చి 18న వృద్ధుల వైద్య బీమా చూసే కేంద్ర మెడికేర్ సంస్థ అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయమంది. ఆ వెంటనే మా గవర్నరు కూడా ఆర్డర్ ఇచ్చారు. మోకాళ్లు, తుంటి, కంటి శుక్లాలు, అన్నీ ఆగిపోయాయి. ఆసుపత్రి అరల్లో ఉన్న స్టాకే కదలనప్పుడు కొత్తగా ఎవరు కొంటారు? కోవిడ్ రోగులకు మాస్కులు, పడకలు మిగలాలంటే ఆ నిర్ణయం అవసరమే, దాన్ని తప్పుపట్టను. కానీ ప్రభుత్వమే ఒక రంగం అమ్మకాలు ఆపించినప్పుడు ఆ రంగానికి నేరుగా ఏదో ఒక సాయం చట్టంలో రాయాలి కదా? మార్చి 27న సంతకమైన చట్టం విలువ 2.2 లక్షల కోట్ల డాలర్లు. అందులో ఆసుపత్రులకు 10,000 కోట్ల డాలర్ల నిధి ఉంది. ఆ ఆసుపత్రులకు సరుకు అమ్మే మాలాంటి వాళ్లకంటూ విడిగా ఏమీ లేదు. చిల్లర కొట్టుకూ సెలూన్‌కూ ఏ దారో మాకూ అదే దారి: పీపీపీ పేరుతో ప్రభుత్వం బ్యాంకుల ద్వారా ఇచ్చిన జీతాల అప్పు.

ఆ అప్పు తెచ్చుకోవడం ఎలా ఉంటుందో చెబుతాను. 500 మంది లోపు ఉన్న కంపెనీకి నెల జీతాల ఖర్చుకు రెండున్నర రెట్లు అప్పు, ఒక శాతం వడ్డీ. డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే ఖర్చుపెట్టి, మనుషుల్ని తీసేయకపోతే మాఫీ. ఏప్రిల్ 3న తలుపులు తెరిచారు. మా ఓనర్‌కు ఎన్నో ఏళ్లుగా ఒక పెద్ద బ్యాంకులో ఖాతా ఉంది. మాకు విడిగా ఫైనాన్స్ విభాగం లేదు, అకౌంట్స్ చూసే ఒకావిడ ఉండేవారు అంతే. నాకు ఎక్సెల్ బాగా వచ్చని ఆవిడకు సాయంగా నన్ను కూర్చోబెట్టారు. ఏడాది పేరోల్ కాగితాలు, పన్ను ఫారాలు, ఇన్సూరెన్స్ కట్టిన లెక్కలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ పోర్టల్‌లో ఎక్కించాం. ఎక్కించిన ప్రతిసారీ 'మీ దరఖాస్తు క్యూలో ఉంది' అనే మాట. ఫోన్ చేస్తే పాట వినిపించి లైన్ కట్. ఓనర్ తన ఇంటి నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు, ఏమీ మాట్లాడకుండా మా స్క్రీన్‌నే చూస్తూ. ఏప్రిల్ 16న వార్త వచ్చింది: మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు అయిపోయాయి. మాకు ఒక్క డాలరు రాలేదు. ఆ వారంలోనే షేక్ షాక్ అనే బర్గర్ల కంపెనీ తనకొచ్చిన కోటి డాలర్లు విమర్శల తర్వాత వెనక్కి ఇచ్చేస్తోందని చదివాను. ఎంత కోపం వచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఏప్రిల్ 24న సంతకమైన చట్టంతో కాంగ్రెస్ ఇంకో 31,000 కోట్ల డాలర్లు కలిపింది. ఈసారి ఓనర్ పెద్ద బ్యాంకును వదిలేసి, పక్క ఊళ్లో ఉన్న చిన్న బ్యాంకుకు వెళ్లారు. మళ్లీ తెరిచిన రోజు ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థే మొరాయించింది. ఆ చిన్న బ్యాంకు ఆఫీసరు మాత్రం ఇంట్లో కూర్చుని, లోపలికి వెళ్లేదాకా మా ఫైలు మళ్లీ మళ్లీ పంపుతూనే ఉన్నాడు. మా అప్పు అలా వచ్చింది.

ఆ డబ్బుతో కొత్త యంత్రం కొనలేదు, కొత్త డిజైన్ చేయలేదు. దుమ్ము చేరనివ్వని క్లీన్ రూమ్‌లో మైక్రోస్కోప్ కింద వెంట్రుకంత తీగల్ని అతికించే ఆడవాళ్లు మా కంపెనీకి ప్రాణం. వాళ్లలో చాలామంది మోంగ్ (ఆగ్నేయాసియా కొండజాతి), వియత్నాం కుటుంబాల వాళ్లు. ఆ పని చేతికి పట్టుబడాలంటే నెలలు పడుతుంది. కొత్తవాళ్లను పెడితే మళ్లీ శిక్షణ, మళ్లీ రికార్డులు, తిరస్కరించే ముక్కల గుట్ట. మే నెలలో ఆపరేషన్లు మళ్లీ మొదలైనప్పుడు ఆర్డర్లు నెమ్మదిగా వచ్చాయి, కానీ వచ్చిన ఆర్డరు తీర్చడానికి ఆ చేతులు అక్కడే ఉన్నాయి. పీపీపీ అంతా దుబారా అని తేల్చేసే ఆర్థికవేత్తలు ఒక్క రోజు మా క్లీన్ రూమ్‌లో నిలబడితే మాట మార్చుకుంటారు. మన దగ్గర రుణమాఫీ అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. ఈ మాఫీకి మనిషిని పనిలో ఉంచాలనే షరతు ఉంది, అందుకే నాకిది నచ్చింది.

మన వాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లను జీతం లేకుండా కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. ఉంచితే జీతం ఇవ్వాలి, లేదంటే తీసేయాలి. తీసేస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం వదలడానికో చేతిలో ఉండేది 60 రోజులు, ఇండియాకు విమానాలు కూడా లేని రోజుల్లో. ఆ టెన్షన్ ఉన్న ఇళ్లకు పీపీపీ ఎంత ఊరటో లెక్కల్లో కనిపించదు. అదే చట్టంలో మనిషికి 1,200 డాలర్ల చెక్కు కూడా ఉంది. కానీ భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేసి, హెచ్4 (హెచ్1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా, పన్ను రిటర్న్ కోసం ఇచ్చే ఐటిన్ నంబరు మాత్రమే ఉంటే ఆ ఇంటికి మొదట్లో అసలేమీ రాలేదు, పన్ను కట్టే భర్తకు కూడా. డిసెంబరులో వచ్చిన ఇంకో సాయం చట్టంలో గానీ దాన్ని సరిచేయలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

పన్నుల వైపు కూడా చూడండి. 2018, 2019, 2020 నష్టాలను ఐదేళ్లు వెనక్కి తీసుకెళ్లి, అప్పటి లాభాల్లోంచి తగ్గించి, అప్పట్లో కట్టిన పన్ను తిరిగి తీసుకోవచ్చన్నారు. 35 శాతం పన్ను కట్టిన పాత లాభాలున్న కంపెనీకి అది బంగారం. ఇంకా ఒక్క డాలరు లాభం చూడని, అనుమతి కోసం మందులు, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర ఎదురుచూస్తున్న స్టార్టప్‌కు అందులో ఏముంది? వైద్య పరికరాల అమ్మకాల మీద ఉన్న 2.3 శాతం పన్ను ఎత్తేయడాన్ని కూడా కొందరు కోవిడ్ సాయంలో కలిపేస్తారు. అది 2019 డిసెంబరులోనే రద్దయింది, దీనికీ దానికీ సంబంధం లేదు.

స్టార్టప్‌లకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. కంపెనీ మీద అదుపు ఒక పెట్టుబడి సంస్థ చేతిలో ఉంటే, ఆ సంస్థ కింద ఉన్న మిగతా కంపెనీల ఉద్యోగుల్ని కూడా కలిపి 500 లెక్కపెట్టారు. 30 మంది పనిచేసే చోట కూడా పీపీపీ అందకుండా పోవడానికి ఆ ఒక్క నిబంధన చాలు. హోటళ్లకు, రెస్టారెంట్లకు దాని నుంచి చట్టంలోనే మినహాయింపు రాశారు. కాలిఫోర్నియాలో గుండె క్యాథెటర్లు (లోపలికి పంపే సన్నటి గొట్టాలు) చేసే స్టార్టప్‌లో ఉన్న నా స్నేహితుడి ఉద్యోగం ఇలాగే పోయింది. ఇంకోసారి ఇలాంటి చట్టం రాసే అవసరం వస్తే హోటళ్లకు రాసిన ఆ మినహాయింపులో వైద్య పరికరాల కంపెనీల పేరు కూడా చేర్చాలి, ఆపరేషన్లు ఆపమనే ఆర్డరుతో పాటే సాయం కూడా రావాలి.